కుడి వరుస ఎవరిది?

మా తాతగారి ఊరిలో చెరువు క్రింది పొలములకు పోవు బండ్లబాట ఒకటి ఉండెడిది. ఇరువైపుల తుమ్మకంప, నడుమ రెండు గాడులు. ఎదురెదురుగా రెండు బండ్లు వచ్చినచో వానిలో ఒకటి గాడి విడిచి ప్రక్కకు తొలగక తప్పదు. ఏది తొలగవలెనను విషయమున అక్కడ తగవు పుట్టగా మేమెన్నడును చూడలేదు. ఎరువుతోనో ధాన్యముతోనో నిండిన బండి గాడిలోనే సాగిపోవును. ఉత్త బండి తొలగును. ఉత్త బండిలో కూర్చున్నది ఊరి మోతుబరియే యైనను, నిండు బండి తోలుచున్నది ఆయన పాలేరే యైనను పద్ధతి మారెడిది కాదు. నిండు బండి ఒకసారి గాడి దిగెనా, దానిని మరల ఎక్కించుటకు ఎద్దుల మెడలు విరుగును. ఉత్త బండికి అది లెక్కలోనిది కాదు. ఎవరికి తొలగుట సుళువో వారు తొలగుదురు. అంతకు మించిన శాస్త్రము అందులో లేదు.

ఇదే న్యాయము మోటారు నిబంధనలలోను కానవచ్చును. దోర్నాల నుండి శ్రీశైలమునకు పోవు ఘాటురోడ్డు వంటి కొండదారులలో, వెడల్పు చాలని చోట, దిగుచున్న వాహనము ఎక్కుచున్న వాహనమునకు దారి ఈయవలెనని నియమము. ఎక్కుడులో ఆగిపోయిన బస్సు మరల కదలుట ఎంత కష్టమో అందులో ప్రయాణము చేసినవారందరును ఎరుగుదురు.

అయితే ఈనాడు మేము ప్రస్తావింపదలచినది బండ్లబాటను గాని కొండదారిని గాని కాదు, నాలుగు వరుసల జాతీయ రహదారిని. లేను అని వాడుకలో ఉన్న దానినే మేము ఇచ్చట వరుస యనుచున్నాము. ఈ రహదారికి నడుమ డివైడరు ఉన్నది. పోవు వైపున రెండు వరుసలు, వచ్చు వైపున రెండు వరుసలు. కావున ఎదురుబండి బెడద లేదు. దారి అడుగువాడు మన ముందు లేడు, వెనుక ఉన్నాడు. ఎదుటివాని ముఖము చూచి తొలగుట మన పెద్దలు నేర్చిరి. వెనుకనుండి వచ్చువాని ముఖము మనకు కనబడదు. అద్దములో రెండు దీపములు మాత్రము కనబడును. ఆ రెండు దీపములను చూడగానే మిక్కిలి నెమ్మదస్థులకు సైతము ఒకవిధమగు పౌరుషము పుట్టుకొని వచ్చుట విచిత్రము. ఇతరులను గూర్చి చెప్పుట ఎందులకు? ఇది మా స్వానుభవమే.

నియమమా, మిక్కిలి చిన్నది. మన దేశమున వాహనము ఎడమవైపున నడువవలెను. ముందున్న దానిని దాటవలసి వచ్చినపుడు కుడివైపునుండి దాటవలెను. 1939 నాటి మోటారు వాహనముల చట్టము రోజులనుండియు, 1988 చట్టమును అనుసరించి 1989లో వెలువడిన నియమములలోను, వాని స్థానమున 2017లో వచ్చిన నిబంధనలలోను మూలసూత్రము ఇదియే. దీనికి తోడుగా, తనను వేరొకడు దాటుచుండగా వేగము పెంచరాదు, మరి ఏ విధముగను అడ్డుపడరాదు అను మాట కూడ ఉన్నది. ఈ రెండింటిని కలిపి చదివినచో కుడి వరుస సంగతి తేటపడును. అది పెద్ద కార్ల వరుస కాదు. వేగముగ పోవువారి సొంత వరుసయు కాదు. దాటుట కొరకు ఏర్పడిన వరుస. బావిగట్టు వంటిదన్న మాట. నీళ్ళు తోడుకొన్నంతసేపు నిలుచుండవచ్చును. బిందె నిండిన పిదప దిగి రావలెను.

ఇంత తెలిసియు మేము చేసిన పని వినుడు. 2021 డిసెంబరులో ఒకనాటి ఉదయము, ఒక వృద్ధ కళాకారుని కంఠమును రికార్డు చేయు పనిమీద హైదరాబాదు నుండి విజయవాడ వైపు, 65వ నంబరు జాతీయ రహదారి మీద స్వయముగ కారు నడుపుకొనుచు పోవుచుంటిమి. పూర్వము 9వ నంబరు అని పిలువబడిన రహదారి యిదే. చిట్యాల దాటినది. వేగసూచి ముల్లును పరిమితి గీతమీద నిలిపి, కుడి వరుసను పట్టుకొని సాగుచుంటిమి. ఎడమ వరుసలో లారీలు పోవుచుండెను. వాని నడుమ ఖాళీలు లేకపోలేదు. కాని మాటిమాటికి ఆ ఖాళీలలోనికి దూరి, మరల కుడికి వచ్చుట శ్రమయని తోచెను.

అద్దములో తెల్లకారు ఒకటి ప్రత్యక్షమై, రెండు మూడు సారులు దీపములు వెలిగించి ఆర్పెను. "చట్టము ఒప్పిన వేగముతోనే పోవుచున్నాము, ఇంతకు మించి పోవుటకు వీనికి హక్కెక్కడిది?" అనుకొంటిమి. తర్కమునకు లోపము లేదు. రెండు కిలోమీటర్లు ఆ కారు మా వెన్నంటి వచ్చెను. హారను మ్రోగెను. మేము మరింత నిబ్బరముగ స్టీరింగు పట్టితిమి. కొంత సంతోషము కూడ కలిగినదని ఒప్పుకొనవలెను.

అంతలో ఎడమవైపున రెండు లారీల నడుమ పెద్ద సందు ఏర్పడెను. తెల్లకారు అందులో దూరి మమ్ము ఎడమనుండి దాటబోయెను. ఆ సందులోనే, రోడ్డు అంచును పట్టుకొని, పాలక్యానులు కట్టిన మోపెడు ఒకటి పోవుచుండెను. దాని మీది మనిషి తాను ఉండవలసిన చోటనే ఉండెను. బ్రేకుల చప్పుడు మాకు వినవచ్చెను. కారు మోపెడును తాకలేదు; కాని ఆ బెదురునకు మోపెడు మట్టిలోనికి దిగి పడిపోయెను.

ఇద్దరమును ఆపితిమి. మోపెడు మనిషికి మోకాలు, మోచేయి చెక్కుకొనిపోయెను. అంతకుమించి దెబ్బలు తగులలేదు. క్యాను మూత ఊడి పాలు గడ్డిలోనికి పారెను. ఆ తెల్లకారులో ప్రాణాపాయమున ఉన్న రోగి యొకడు ఉండెనని చెప్పినచో కథ రక్తికట్టును. అట్టిదేమియు లేదు. ఆయన సూర్యాపేటలో ఒక పెండ్లికి పోవుచుండెను. ముహూర్తము అప్పటికే దాటిపోయెనట. భోజనముల వేళకైనను అందుకొనవలెనని తొందర. ఆయనయు మేమును రోడ్డు ప్రక్కన నిలుచుండి ఒకరికొకరము నిబంధనలు బోధించుకొనసాగితిమి. మోపెడు మనిషి తన వాహనమును లేవనెత్తుకొని, మట్టి దులుపుకొని, "మీరిద్దరు పంతాలు వట్టిండ్రు. పాలు నాయి వోయినయి సారూ" అనెను. ఆ మాటతో మా వాదమున పస పోయెను. ఇద్దరమును డబ్బు ఇచ్చితిమి. అతడు పాల వెల యెంతో అంతవరకే లెక్కపెట్టి తీసికొని, మిగిలినది తిరిగి ఇచ్చివేసెను.

ఆ తెల్లకారు మనిషి నిర్దోషి యని మేమనుట లేదు. పరిమితిని మీరుట అతని తప్పు. దానిని విచారించుటకు పోలీసులు ఉన్నారు, కెమెరాలు ఉన్నవి. మేము వారి ఉద్యోగమును మా నెత్తిన వేసికొంటిమి. దాని ఫలితమేమి? అతని వేగము తగ్గలేదు. త్రోవ మాత్రము మారెను. కుడివైపున మేము మూసివేసిన వేగము ఎడమకు మరలెను. ఎడమననే కదా మోపెడులు, సైకిళ్ళు, ఆటోలు, బస్సు కొరకు నిలుచున్న ముసలివాండ్రు ఉందురు! కుడినుండి వచ్చు వేగమునకు రోడ్డుమీది వారందరును సిద్ధపడి ఉందురు. ఎడమనుండి వచ్చు దానిని ఎవరును ఎదురుచూడరు. అడ్డుపడినవాడు ఒకడు, తొందరపడినవాడు ఒకడు, దెబ్బ తినువాడు మూడవవాడు.

ఇక లారీల మాట. కారు నడుపువారు నలుగురు కలిసినచో, లారీలు కుడి వరుసను విడువవని నిందించుట పరిపాటి. మేమును ఆ పాట పాడినవారమే. ఒకనాడు కోదాడ సమీపమున టీ హోటలులో ప్రక్క బల్లపై కూర్చున్న లారీ డ్రైవరును ఇదే ప్రశ్న వేసితిమి. అతడు నవ్వి, "ఎడమ పక్కన పొమ్మంటారు. ఎట్టా పోవాలండీ? ఒకచోట బండి ఆపి పడుకునుంటాడు, ఇంకోచోట వడ్లు ఆరబోసుంటారు. లోడు బండండీ ఇది. ఒకసారి స్లో చేస్తే మళ్ళీ అందుకోవడానికి ఎన్ని గేర్లు మార్చాలో మీ కారోళ్ళకేం తెలుసు?" అనెను.

అతడు చెప్పినది కల్ల కాదు. మన రహదారులలో ఎడమ వరుస సగము రహదారి, సగము సంతవీధి. దీపము లేక నిలిపిన లారీ చీకటిలో గోడవలె ఎదురగును. యూటర్ను వరకు పోవుటకు బద్ధకించిన ట్రాక్టరు ఎదురుగా వచ్చును. ఊరి అడ్డరోడ్డు వద్ద బస్సు ఆగును. దాని వెనుక ఆటోలు ఆగును. నిండు లోడుల బరువునకు ఎడమ వరుసయే ఎక్కువగ కుంగి గాడులు పడును. ఇట్టి దారిలో వేగమును ఒకే తీరున నిలుపుకొనదలచిన లారీ డ్రైవరునకు కుడి వరుస ఆశ్రయమగుటలో ఆశ్చర్యమేమున్నది? నిండు బండి గాడిలో సాగవలెనను పాత న్యాయము ప్రకారము అతని గాడి ఎడమది. దానిని ఇతరులు ఆక్రమించిరి. అతడు మన గాడిలోనికి వచ్చెను. అందుచేత లారీలను కుడి వరుసనుండి దింపదలచిన అధికారులు మొదట ఎడమ వరుసలో నిలిపిన బండ్లను తీయింపవలెనని మా నిశ్చితాభిప్రాయము. ధాన్యము ఆరబోయు రైతును తరుముట కాదు, అతనికి కళ్ళము చూపుటయే దానికి మార్గము.

కాని ఎడమ వరుస శుభ్రముగ ఉన్నచోట ఈ సాకు చెల్లదు. హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల పొడవున బాహ్య వలయ రహదారి కలదు. ఒక్కొక్క వైపున నాలుగు వరుసలు. ద్విచక్ర వాహనములకు, పాదచారులకు ప్రవేశము లేదు. అడ్డరోడ్లు లేవు, వడ్లు లేవు. 2023లో కుడి రెండు వరుసలకు గంటకు 120 కిలోమీటర్లు, ఎడమ రెండు వరుసలకు 80 కిలోమీటర్లు గరిష్ఠవేగములుగ నిర్ణయించిరి. ఇంత ఏర్పాటు ఉండియు, ఎడమన మూడు వరుసలు ఖాళీగ పడియుండగా, మొట్టమొదటి వరుసలో 70 కిలోమీటర్ల వేగముతో, ఫోనులో ముచ్చటలాడుచు ఊరేగువారు తరచుగ కనబడుచున్నారు. వీరు లారీవారు కారు. మావంటి చదువుకొన్నవారే.

దాటుటయందు కూడ ఒక లెక్క ఉన్నది. దానిని చాలమంది గమనింపరు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు లారీని 100 కిలోమీటర్ల వేగముతో పోవు కారు, వెనుక ముందు తగినంత ఎడముంచి, దాటవలెననిన సుమారు 110 మీటర్లు అధికముగ పోవలెను. అందుకు పది సెకనులు చాలును. 80తో పోవు లారీని 85తో పోవు మరొక లారీ అదే విధముగ దాటదలచినచో దాదాపు 80 సెకనులు పట్టును. ఆ లోపల దాదాపు రెండు కిలోమీటర్ల దారి గడచును. అంతసేపును రెండు వరుసలు మూతపడినట్లే. జర్మనీవారు దీనిని ఏనుగుల పందెమని పరిహాసము చేయుదురు. ఆ దేశమున 2008లో హామ్ నగరపు న్యాయస్థానము ఒకటి, ఇట్లు దాటుట 45 సెకనులకు మించరాదని ఒక కొలత చెప్పినది. మనకు అట్టి కొలత అవసరము లేదు గాని, అయిదు కిలోమీటర్ల భేదము కొరకు పందెమునకు దిగుటకు ముందు ఆ డ్రైవరు ఒకసారి అద్దములోనికి చూచిన చాలును.

జర్మనీ ప్రసక్తి వచ్చినది గనుక మరొక మాట. అక్కడ బండ్లు కుడివైపున నడచును గావున దాటు వరుస ఎడమది. ఊళ్ళ వెలుపల, దాటబోవుచున్నానని తెలుపుటకు కొద్దిపాటి హారనో దీపమో వాడుటకు అక్కడి చట్టము అనుమతించును. అదే మనిషి వెన్నంటి వచ్చి ఆపక దీపములు కొట్టినచో బలవంతము చేసిన నేరము క్రిందికి రావచ్చును. అడుగుటకును బెదరించుటకును నడుమ వారు గీత గీసినారు. ఇంగ్లండులో మొదటి మోటారు రహదారి 1958 డిసెంబరులో ప్రెస్టన్ పట్టణము వద్ద తెరచిరి. అక్కడ మనవలెనే ఎడమ నడక. మూడు వరుసల దారిలో నడిమి వరుసను పట్టుకొని విడువకుండుట అక్కడ ప్రబలమైన దురభ్యాసము. 2013 ఆగస్టునుండి అట్టివారికి అక్కడికక్కడ 100 పౌండ్ల జరిమానా వేయు అధికారము పోలీసులకు ఇచ్చిరి. వెన్నంటి తరుమువారికిని అదే జరిమానా. ఇద్దరిని ఒకే త్రాట కట్టుట మాకు నచ్చినది. అమెరికాలో స్థిరపడిన మన బంధువులకు ఎడమ వరుస దాటుటకేనన్న సంగతి అలవాటైపోయినది. సెలవులకు వచ్చి ఇక్కడ కారు నడుపునపుడు వారు కుడి ఎడమలు తారుమారై, ఇండికేటరు వేయబోయి వానలేని నాడు వైపరు ఆడించుట చూచి మేము నవ్వుకొనుట కద్దు.

దారి అడుగుటకు, ఇచ్చుటకు మనకును ఒక భాష ఉండెడిది. లారీ డ్రైవరు కుడిచేతిని కిటికీ వెలుపలికి చాచి, వెనుకకు ముందునకు అర్ధవృత్తముగ ఊపినచో "నీవు దాటిపోవచ్చును" అని అర్థము. ఇది మర్యాదకొరకు పుట్టిన వాడుక మాత్రమే కాదు. నిబంధనలలో వ్రాసియున్న సంజ్ఞ. ఎడమవైపు క్లీనరు తల బయటపెట్టి చూచి, బల్లపై తట్టి డ్రైవరునకు సంగతి తెలుపును. రెండు వరుసల పాతరోడ్డుపై ఎదురు ఏమి వచ్చుచున్నదో వెనుకవానికి కనబడదు, లారీ వానికి కనబడును. కావున ఆ చేయి ఒక హామీ. ఎరుగని మనిషి యొక్క చేతిని నమ్మి బస్సు నిండ జనము దాటిపోయెడివారు. ఇప్పుడు అద్దములు బిగించిన కార్లలో ఆ చేయి లేదు. దీపమొక్కటి మిగిలినది, దాని అర్థము కూడ ఒకటి కాదు. ఇంగ్లండున ఎదుటివాడు దీపము వెలిగించినచో "మీరు పొండు" అని గ్రహించువారు చాలమంది. మన రోడ్లమీద "నేను వచ్చుచున్నాను, నీవు ఆగుము" అని. వెనుకనుండి వెలిగించినచో "తొలగుము" అని. ఇంతకంటె మెత్తని మాట ఆ దీపమునకు నేర్పుట ఎట్లో మాకు తోచకున్నది. దూరమునుండి ఒక్కసారి వెలిగించి, పిదప ఓపిక పట్టిన చాలునేమో.

ఓపికకు కొలత కూడ కలదు. ముందున్న వాహనము ఒక చెట్టును దాటిన పిదప రెండు సెకనులకు మనము ఆ చెట్టును దాటవలెను. 100 కిలోమీటర్ల వేగమున ఆ రెండు సెకనుల దూరము 56 మీటర్లు. పది మీటర్ల దూరమున వెన్నంటినవానికి మిగులునది సెకనులో మూడవ వంతు చిల్లర. కాలు బ్రేకుమీదికి పోవుటకే అంతకంటె ఎక్కువ పట్టును. దగ్గరకు జరిగినందువలన ముందువాని వేగము పెరగదు. వాని పౌరుషము పెరుగును.

తొలగువానికి నష్టమెంత? ఇదియు మేము లెక్కగట్టి చూచితిమి. 100తో పోవుచున్నవాడు ఎడమకు వచ్చి, పదునైదు సెకనులపాటు 80తో నడిచి, మరల అందుకొన్నచో అతడు పోగొట్టుకొనునది 83 మీటర్లు. అనగా మూడు సెకనులు. విజయవాడ చేరులోపల ఇరువదిమందికి దారి ఇచ్చినను ఒక్క నిమిషము. చిట్యాల దాటిన తరువాత మేము దాచుకొన్న ఆస్తి ఈ మూడు సెకనులే.

అట్లని దీపము కనబడగానే ఎడమకు దుమికివేయుట తగదు. ప్రక్కనున్న లారీని సగము దాటియున్నచో ఆ పని ముగింపవలెను. పిదప ఎడమ అద్దము చూచి, ఇండికేటరు వేసి, ఎడమన చాలినంత చోటు ఉన్నపుడే మరలవలెను. చోటు లేకున్న వెనుకవాడు ఆగవలసినదే. అప్పుడు తొలగుట మనకు సుళువు కాదు, ఆగుట అతనికి సుళువు. బండ్లబాట న్యాయము ఇరువురికిని చెల్లును. ఒక్క అంబులెన్సు విషయమున మాత్రము ఈ లెక్కలు లేవు. మన రాష్ట్రమున 108 బండ్లు 2005లో వచ్చినవి. వానికి దారి ఈయనివానికి ఆరు మాసముల వరకు చెరయో, పదివేల రూపాయల జరిమానాయో, రెండునో విధింపవచ్చునని 2019లో సవరించిన చట్టము చెప్పుచున్నది.

మొన్నటి వారము మరల అదే దారిన పోవలసి వచ్చెను. నార్కెట్‌పల్లి సమీపమున, నూనె ట్యాంకరు నొకదానిని దాటబోవుచు కుడి వరుసకు వచ్చునంతలో అద్దములో దీపములు మెరసెను. ట్యాంకరు ఇంకను దూరముననే ఉన్నది. మేము కుడికి ముందుగ వచ్చినమాట నిజము. ఇండికేటరు వేసినమాటయు నిజము. స్టీరింగుమీద చేయి బిగిసెను. పాత తర్కమంతయు వరుసగ నాలుకమీదికి వచ్చెను. ఒక లిప్తకాలము అట్లే ఉండి, ఎడమకు మరలితిమి. ఆ కారు దాటిపోయెను. నడుపుచున్న పిల్లవాడు మా వైపు చూడనైన చూడలేదు. మేము మరల కుడికి వచ్చి, ట్యాంకరును దాటి, ఎడమ వరుసలోనికి వచ్చితిమి. రోడ్డు అంచున అప్పుడే పాలబండ్లు బయలుదేరుచున్నవి.